కుళాయికి కాపలా

పుంతా అరేనాస్‌లో గాలికి తలుపు తియ్యాలంటే
భుజం ఆనించాలి.
డోన్ బార్తోలో ఇంట్లో అది చాలదు.
లోపల ముందు గొలుసు, తర్వాత గడియ,
తర్వాత ఇంకో గొలుసు.

అరవై తొమ్మిదేళ్లు. ఓడల్లో రేడియోలు బాగుచేసేవాడు.
ఉన్ని ధర పైసలతో సహా చెబుతాడు,
చదరంగంలో పదిహేను ఎత్తుల్లో నా రాజును కట్టేస్తాడు.
మతి తప్పినవాడెవడూ
ఇంత బాగా రొట్టె కాల్చడు
అనుకున్నాను, మొదటి వారం.

వంటింటి గోడ నిండా సీసాలు.
రెండు వందల పద్నాలుగు.
ఒక్కోదానికీ చీటీ, చీటీ మీద తేదీ, వేళ.
లోపల కుళాయి నీళ్లు.
"పక్కింటి ఓందీనా," అన్నాడు,
గుసగుసగా కాదు,
రేపు వానొస్తుందన్నట్టు మామూలుగా,
"గొట్టంలో ఏదో కలుపుతోంది. నాలుగేళ్లుగా."

డాక్టరు ఫైల్లో భ్రమ అని రాశాడు.
రెండక్షరాలు.
ఆయన సీసాలు చూళ్లేదు.

నేను కొత్త. తెలివైనదాన్ని అనుకునే రోజులు.
ఒక సీసా అడిగి పట్టుకెళ్లి
పరీక్ష చేయించి కాగితం తెచ్చాను:
ఏమీ లేదు, కాస్త ఇనుము, పాత గొట్టాల తుప్పు.
చదివాడు. మళ్లీ చదివాడు.
మడిచి నా చేతిలో పెట్టాడు.
"వాళ్లనీ కొనేసిందన్నమాట."
ఒక్క క్షణం ఆగి,
"మిమ్మల్ని ఎంతకి?"

దీపం తెస్తే
దీపం పట్టిన చేతిని అనుమానించాడు.
మూడు గురువారాలు తలుపు తెరుచుకోలేదు.

ఆ మూడు గురువారాలూ ఓందీనా ఇంట్లో కూర్చున్నాను.
పీతల కార్ఖానాలో వేళ్లు అరిగిన మనిషి.
"మా ఆయన పోతే పెట్టె మోసింది ఈయనే.
ఇప్పుడు గిన్నె కడగాలన్నా భయం,
గొట్టం చప్పుడు అటు వినిపిస్తుందని."
ఆవిడకి రాసిచ్చే మాత్ర
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

నాలుగో గురువారం
గొలుసు సందులోంచి ఒక కన్ను.
"నన్ను నమ్ముతున్నారా?"
నీళ్లు నమిలాను.
తర్వాత ఉన్నమాటే చెప్పాను:
"నీళ్ల సంగతి నమ్మట్లేదు.
మీరు భయపడుతున్నారన్నది నమ్ముతున్నాను.
రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు?"

నాలుగేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదట.
వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. రెండు.
ఒక్కోసారి అదీ లేదు.
మరి కుళాయికి కాపలా ఎవరు కాస్తారు?

మాత్రని రొట్టెలో కలిపెయ్యమంది కూతురు,
కొన్సెప్సియోన్ నుంచి ఫోన్లో ఏడుస్తూ.
కలపనన్నాను.
ఎవరో ఏదో కలుపుతున్నారనే కదా
ఆయన బాధంతా.

బల్ల మీద పెట్టాను.
పేరు చెప్పి, ఏం చేస్తుందో చెప్పి,
నోరెండిపోవచ్చనీ చెప్పి.
పదకొండు రోజులు అక్కడే ఉంది.
పన్నెండో రోజు సగానికి విరిచి మింగాడు,
కొట్లో కొన్న నీళ్లతో.

తగ్గిపోయిందని రాస్తే ఈ కాగితమూ అబద్ధమే.
ఇప్పటికీ అంటాడు, "కలుపుతూనే ఉంది."
అంటూనే పావుని ముందుకి జరుపుతాడు.
చీటీల మీద తేదీలు ఎడమయ్యాయి,
రోజుకొకటి వారానికొకటైంది,
జూలై మొత్తానికి ఒక్క సీసా.
గొలుసు ఒకటి లేదు.
ఏమైందని నేనడగలేదు.

నిన్న ఓందీనా కలఫాతే పండ్ల జాం పంపింది.
తినలేదు. పారెయ్యలేదు.
సీసాల వరసలో పెట్టి
చీటీ అంటించి తేదీ రాశాడు.

ఇవాళ టీకి కెటిల్ పట్టుకుని
కొన్న నీళ్ల డబ్బా దాకా వెళ్లి,
ఆగి,
వెనక్కొచ్చి కుళాయి తిప్పాడు.
గోడ లోపల గొట్టం దగ్గింది.
అవతల ఓందీనా కూడా వినే ఉంటుంది.
నా వైపు చూశాడు.

రెండు చెంచాలు, అన్నాను,
చక్కెర.