ధర అనే గడి దగ్గర

పర్లాకిమిడి పోస్టాఫీసులో
కస్టమ్స్ కాగితం నింపుతున్నాను.
లోపల ఏముంది? చెక్క దువ్వెన, ఒకటి.
పళ్ళ లెక్క ఎవరూ అడగలేదు, నేనే రాశాను:
పదిహేడు ఉన్నాయి, నాలుగు లేవు.
బరువు గుమాస్తా తూచి చెప్పాడు.
ధర దగ్గర పెన్ను ఆగింది.

మా నాయినమ్మ దాలమ్మ
బర్మా రంగంలో పుట్టిన మనిషి.
బాంబులు పడ్డప్పుడు మనవాళ్ళంతా
కొండలెక్కి నడిచొచ్చేశారు.
తండ్రికి జొరం, వీళ్ళు కదల్లేదు.
జపాను సైన్యం కంచె కట్టిన ఒక ఇంటికి
దుప్పట్లు ఉతకడం దొరికిన పని.
రోజుకెన్ని దుప్పట్లో
కోక చెంగుకి ముడులేసి లెక్కపెట్టేదట.
ఆదివారం చెంగు చాలేది కాదట.
అంతే చెప్పింది.
అంతకు మించి నేనూ చెప్పను.

నూతి దగ్గరికి ఒక కొరియా పిల్ల వచ్చేది.
"గుంటికి పదారేళ్ళు నేవు. నాకూ నేవు."
సిపాయిలు హనాకో అని పిలిచేవారు.
ఒకసారి చేద పక్కన పెట్టి
గుండె మీద వేలు ఆన్చుకుని
తన పేరు తను చెప్పిందట.
నాయినమ్మ చెవికి సున్నీ అని వినబడింది.
"సున్నుండలో సున్ని నాగ" అని నవ్వి,
నవ్వినందుకు నోటికి చెంగు అడ్డం పెట్టుకునేది.

మా వైపు గుంట అంటే ఆడపిల్ల.
కిందికి పోతే గుంట అంటే గొయ్యి.
ఆ రెంటికీ మధ్య దూరం
దాలమ్మకి దుప్పట్లలోనే తెలుసు.

ఒక రాత్రి లారీలు వచ్చాయి.
ఎక్కే ముందు కంచెలోంచి దువ్వెన అందించి
ఏదో అంది. దాచమందో, నీకే అందో.
దాచమందనే నాయినమ్మ అనుకుంది.
ఓడలో తెచ్చింది, యాభై ఏళ్ళు దాచింది,
మాకు పేలు పట్టినా బయటికి తియ్యలేదు.

తొంభైల్లో, బెల్లం పొట్లం విప్పితే
పేపరు ముక్కలో ఫొటో:
ఏదో గేటు ముందు ముసలమ్మలు.
బుధవారం బుధవారం వచ్చి నిలబడతారట.
కింద 'సుఖస్త్రీలు' అని అచ్చేశారు.
చదివి వినిపించాను.
"సుకం ఎవుడికే?" అంది.
పొయ్యిలోంచి బొగ్గు తీసి
ఆ మాట మీద రాసింది, కాగితం చిరిగేదాకా.
తర్వాత ఒక్కో ముఖం మీదా వేలు ఆపి
"ఈవిడా? ఈవిడా?" అని నన్నడిగింది.
నాకేం తెలుసు.

నాది కొమ్ముపని. గేదె కొమ్ము కాచి, వంచి,
కొంగలు చేస్తాను, రొయ్యలు చేస్తాను.
విరిగిన నాలుగు పళ్ళూ అతకగలను
ఎవరూ పోల్చలేనంత నున్నగా.
ఆకురాయి పట్టుకుని రెండుసార్లు కూచున్నాను.
రెండుసార్లూ లేచిపోయాను.

బుధవారం పన్నెండింటికి కార్ఖానా అరుగు మీద
పని ఆపి కూచుంటాం, నేనూ, ఝునూ,
గుమ్మ కొండల నించి వచ్చే సవర పిల్ల సుంబారీ.
పక్కన ఒక పీట ఖాళీగా వేస్తాం.
"కొణొ హెలా?" అంటారు దారినపోయేవాళ్ళు.
ఎవరో పోయారనుకుంటారు.
ఝునూ ఒడియాలో చెబుతుంది, సుంబారీ సవరలో, నేను తెలుగులో.
మూడింట్లోనూ అసలు మాట దగ్గర నత్తి వస్తుంది.
కొందరు చెప్పులు సర్దుకుని వెళ్ళిపోతారు.
అప్పడాలమ్మే ఒకామె గంప దింపుకుని
పీట పక్కన నేల మీద కూచుంది.
ఏమీ అడగలేదు. పైవారమూ వచ్చింది.

అక్కడ ఇంకా మిగిలినవాళ్ళు
వేళ్ళ మీద లెక్కకి వస్తారట.
ఉంటే సున్నీకి నూరు దగ్గర పడుతుంటాయి.
దువ్వడానికి జుట్టుంటుందో లేదో.

"ధర రాయకపోతే వెళ్ళదమ్మా" అన్నాడు గుమాస్తా.
సున్నా పెడితే?
"పెట్టండి, బహుమతి అని రాసుకుంటా."
బహుమతి కాదు బాబూ, తిరిగివ్వడం.
దానికి గడి లేదన్నాడు.
వెనక వరసలో ఎవరో గొణిగారు.

పంపువారు: దాలమ్మ. పోయి ఇరవై ఏళ్ళు.
అందుకొనువారు దగ్గర తెలుగులోనే
సున్నీ అని రాశాను.
గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి
ఇది అక్కడెవరు చదువుతారు, ఇంగ్లీషులో రాయండి అన్నాడు.
రాస్తాను.
ముందు ఆ పేరు మీది సిరా ఆరనీ.