గైర్హాజరు మనిషి తరఫున

ఉదయం తొమ్మిదింపావుకి
జడ్జిగారు నన్ను ఎవరిస్ట్ వెర్డాన్‌ని చేశారు.
పూర్తిగా కాదు లెండి, ఈ ఒక్క దావా మట్టుకు.
మా లూసియానాలో దానికో లాటిన్ పేరుంది,
క్యురేటర్ అడ్‌హాక్.
అడ్‌హాక్ అంటే దీని కోసం, దీనికి మాత్రమే అని.
తీర్పు రాగానే నేను మళ్లీ మార్సెలిన్ ఫొరేని,
పళ్ల డాక్టరు మేడ మీద అద్దె గదిలో
విడాకుల కాగితాలు రాసుకునే మార్సెలిన్ ఫొరేని.

జడ్జిగారు కూడా అసలు జడ్జి కాదు.
ఆయన గుండె ఆపరేషన్‌కి వెళితే
పక్క పారిష్ నుంచి ఈయన్ని పంపారు, ప్రొటెం.
అరువు గౌను చేతులు పొడుగు,
మాటిమాటికీ మోచేతులదాకా ఎగదోసుకుంటాడు.
గుమాస్తా డెల్ఫిన్ ప్రసూతి సెలవులో ఉంది,
ఆమె కుర్చీలో, ఆమె స్వెటర్లో, ఎవరో అమ్మాయి.
వాది అంటారా, అసైనీ.
అప్పిచ్చిన బ్యాంకు మునిగి పదేళ్లయింది.
అది ఇంకో బ్యాంకుకి, ఆ బ్యాంకు ఓ ట్రస్టుకి,
ట్రస్టు ఎక్కడో డెలవేర్‌లో పోస్టుబాక్సుకి
ఎవరిస్ట్ ఇంటి తనఖాని
కాలిన గిన్నెలా చేతులు మార్చుకుంటూ పోయాయి.
ఆ హాల్లో తన తరఫున తానే వచ్చింది
కిటికీ అద్దానికి కొట్టుకుంటున్న కందిరీగ ఒక్కటే.

ఇక నేను నన్ను వెతకాలి, చట్టం ప్రకారం.
ఉత్తరం వేశాను. చిరునామాదారు లేడని తిరిగొచ్చింది.
రొయ్యల రేవులో అడిగాను.
ఐసు తోడుతున్న ముసలాయన పార ఆపి
"టెక్సాస్ వెళ్లాడన్నారు, లేదా పోయాడన్నారు,
రెండిట్లో ఏదో ఒకటి" అని
మళ్లీ ఐసు తోడాడు.
వారపత్రికలో ప్రకటన, అరవై రెండు డాలర్లు:
సదరు ఎవరిస్ట్ వెర్డాన్ గానీ,
అతని ఆచూకీ ఎరిగినవారు గానీ.
పైన వంతెన మరమ్మతు నోటీసు,
కింద పాత ట్రాక్టరు అమ్మకం.

శుక్రవారం రాత్రి ఫోను.
"ఎవరిస్ట్ తరఫున మాట్లాడుతున్నా."
"మీరు?"
"పక్కింటి ఇర్మాని. అతని పిల్లికి తిండి పెడుతున్నా."
"ఎప్పటినుంచి?"
"తుఫాను నుంచి. రెండేళ్లు.
నేనొచ్చేదాకా చూడమన్నాడు."
"కాగితం ఏదైనా రాసిచ్చాడా?"
అటువైపు కాసేపు చప్పుడు లేదు.
"పిల్లికా?"

ఆ రాత్రి నిద్ర రాక
బదలాయింపు దస్తావేజులు మళ్లీ తిరగేశాను.
మూడోదాని అడుగున సంతకం:
ఆర్. డి. కోల్‌హౌస్, తాత్కాలిక ఉపాధ్యక్షుడు.
అతని నియామకం మే ముప్పై ఒకటితో సరి.
సంతకం జూన్ ఒకటిన.
ఆ ఒక్క రోజు కోల్‌హౌస్ ఎవరి మనిషీ కాదు.
బల్ల సొరుగులు ఖాళీ చేసుకుంటూ
మిగిలిన కాగితాల మీద అలవాటుగా గీకి ఉంటాడు.
తన చేతిలో లేని ఇంటిని
ఇంకొకరి చేతిలో పెట్టాడు.
ఆ తర్వాతివాళ్లంతా
ఖాళీ చేతిని ఖాళీ చేత్తో అందుకున్నవాళ్లే.

సోమవారం అదే చెప్పాను.
కనపడని మనిషికి ఇంత గట్టిగా వకాల్తా పుచ్చుకోవడం
వాది వకీలుకి నచ్చలేదు.
మూడొందల యాభై డాలర్ల పనికి, అన్నాడు,
ఇంతవరకు ఎవరూ ఫైలు విప్పలేదట.
జడ్జిగారు చేతులు ఎగదోసుకుని
"ప్రస్తుతానికి కొట్టేస్తున్నా" అన్నారు.
ప్రస్తుతానికి.
వాళ్లు మళ్లీ వస్తారు, సరైన తేదీతో.
ఈలోగా ఆ ఇంటి వెనక మెట్టు
ఏటికో జానెడు బాయూ నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది,
ఏ దస్తావేజూ లేకుండా.

నా పదవి పదకొండు గంటలకి పోయింది.
చెప్పి వద్దామని ఇర్మా ఇంటికెళ్లాను.
ఆవిడ పెట్టె సర్దుకుంటోంది,
చెల్లెలి తుంటి ఎముక విరిగిందట, మొబీల్‌లో.
తీర్పు సగమే విన్నది.
సత్తు గిన్నె నా చేతిలో పెట్టి
"నేనొచ్చేదాకా" అంది.

వరండాలో పిల్లి
నన్ను పైకీ కిందికీ చూసి,
పక్కకి వంగి
నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది.