పద్దెనిమిదో పేజీ

ఈసారి కవరు మీద నా పేరే ఉంది.
వారాసిగూడ పోస్ట్‌మన్ ఒకసారి తల ఎత్తి చూశాడు,
పళ్ళ సెట్లు చేసేవాడికి రైళ్ళ పుస్తకమేంటని.

ఆరేళ్ళుగా ఇది నాకు మూడో చేతికి వచ్చేది.
ముందు చిలకలగూడలో గడియారాల దస్తగిరి,
తర్వాత కాచిగూడ బుకింగ్‌లో రిటైరైన సుగుణమణి గారు,
ఆఖరున నేను.
ముగ్గురి చందా, ఒకటే ప్రతి,
రెండు నెలలకొకసారి.

దస్తగిరికి పదిహేడో పేజీలో ప్లాను కావాలి.
వాచీ వెనక మూత లేపే బ్లేడుతో
గీత తప్పకుండా కోసుకునేవాడు.
సుగుణమణి గారికి తప్పులు కావాలి.
బొమ్మ స్టేషన్ టైంటేబుల్లోనైనా సరే
క్రాసింగ్ కుదరకపోతే ఆమె ఎర్ర పెన్సిలు ఊరుకోదు.
నాకు మిగిలింది
మధ్యలో కిటికీ ఉన్న పత్రిక.

ఆ కిటికీతోనే చదివాను అన్నేళ్ళూ.
పద్దెనిమిదో పేజీలో మొదలైన వాక్యం
వెనక్కి, పదహారో పేజీ జిగురు ప్రకటనలో పడేది.
"కొండకు ప్లాస్టర్ పోసే ముందు తప్పకుండా..."
ఏం చేయాలో దస్తగిరి గోడకు అంటించి ఉంది, బోర్లా.
నాకు తెలిసిందే నేను చేశాను,
దవడ అచ్చు పోసినట్టు పోశాను.
అందుకే నా మౌలాలి గుట్ట
దగ్గరికెళ్ళి చూస్తే చిగుళ్ళ రంగు,
బండలు దంతాల్లా వరుసన కూర్చుంటాయి.
రెండు పెట్టెల లోకల్ రైలు
రొట్టెముక్కలా లోపలికి పోతుంది.

ఎనభై ఏడింట ఒక వంతు మా లోకం.
ఆ లెక్కన నేను రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ.
లాలాగూడ వర్క్‌షాప్ గోడ మా మంచమంత.
అప్పు మాత్రం ఎంతకు అంతే.

కొత్త సంచిక విప్పాను.
అట్ట మీద ఎక్కడిదో మంచు, మంచులో ఎర్ర ఇంజను.
లోపల పాత స్పాంజితో వేపచెట్టు చేసే పద్ధతి.
పద్దెనిమిదో పేజీ నిండుగా ఉంది.
వాక్యం ఎక్కడా ఆగకుండా చివరి దాకా నడిచింది.
రెండుసార్లు మొదలుపెట్టాను,
చదవబుద్ధి కాలేదు.

ఫోన్ చేస్తే దస్తగిరి అన్నాడు:
"చేతులు వణుకుతున్నయ్ భాయ్.
మొన్న ఎవరిదో లేడీస్ వాచీ ముల్లు విరగ్గొట్టిన.
కాగితమన్నా సక్కగ ఉండనీ అని
అడ్రసు మార్పించిన."
వెనకాల దుకాణంలో గడియారాలు
ఎవరి టైం అవి చెబుతున్నాయి.

ఆదివారం బోర్డు బోల్టులు విప్పి
రెండు ముక్కలుగా ఆటోలో ఎక్కించాం.
సుగుణమణి గారి ఒళ్ళో గుట్ట,
నా ఒళ్ళో స్టేషన్,
చంకలో పత్రిక.
సీతాఫల్‌మండి దగ్గర గతుకులో ఒక బండ ఊడింది.
ఆటో అతను వెనక్కి చూసి
"పన్ను ఊడింది సార్" అన్నాడు, నేనేం చెప్పకుండానే.

దుకాణం బల్ల మీద పట్టాలు కలిపి
కంట్రోలర్ దస్తగిరి చేతికిచ్చాను.
వద్దన్నాడు. ఇచ్చాను.
వేళ్ళు వణికాయి, గుండీ వణికింది,
ఇంజను ఒక్క కుదుపు,
కొక్కెం బిగిసి వెనక పెట్టె ఇంకో కుదుపు,
కాసేపాగి, ఆలోచించుకుని, కదిలింది.

నా చేతిలో అది ఎప్పుడూ
నూనెలో జారినట్టు పోయేది.
"రైలు కదిలేది గిట్లనే" అంది సుగుణమణి గారు,
ముప్పై రెండేళ్ళు టికెట్ల కిటికీ వెనక కూర్చుని విన్నావిడ.
పెన్సిలు చెవి మీదే ఉంది.

దస్తగిరి గుండీ వదల్లేదు.
ఎడం చేత్తో చాయ్ గ్లాసు దించాడు,
చూసుకోలేదు, పద్దెనిమిదో పేజీ మీద.
తీశాక తడి చుట్టు,
ఒక పక్క కాస్త తొణికి.
కింద నాలుగు మాటలు అలుక్కుపోయాయి.

ఇక చదువుకోవచ్చు.