ఎడమ చెవి వెనక

ముందుగా తెలిసింది నా చూపుడువేలికి.
డాక్టరుకి కాదు, వాళ్ళమ్మకి కాదు,
అతనికి కూడా కాదు.

మార్చి, ఒక బుధవారం. ఇమాబరి రేవు నుంచి
తుప్పువాసన మోసుకొచ్చే గాలి.
ఓడల యార్డులో వెల్డింగు చేసే తెత్సురో
ఎప్పట్లాగే కుర్చీలో కూలబడి కళ్ళు మూశాడు.
కత్తెరకి దారివ్వమని ఎడమ చెవి మడిచాను.
అక్కడ, ఎముకకీ చర్మానికీ నడుమ
ఒక కిన్‌కాన్ పండు.
తొక్కతో సహా నోట్లో వేసుకునే బుల్లి నారింజ ఉంటుందే, అంత.

నొక్కాను. జరగలేదు. అతను ఉలకలేదు.
నొప్పి లేనిదాని గురించి
మనిషిని లేపి ఏమని చెప్పను?
చెప్పలేదు.

జూన్‌కి హెల్మెట్ పట్టీ ఒక చిల్లు వెనక్కి జరిగింది.
ఆగస్టుకి ఇంకొకటి.
"దవడలో అన్నం ముద్ద దాచుకున్నావా" అన్నారట తోటి కుర్రాళ్ళు.
నవ్వుతూ చెప్పాడు, మోచేతులు గోక్కుంటూ చెప్పాడు.
రాత్రిళ్ళు దురదకి
తలుపు వారకి వీపు రుద్దుకుంటాడట, ఎద్దులాగా.

మత్సుయామా ఆసుపత్రిలో ముక్క కోసి చూశారు.
క్యాన్సర్ కాదన్న రాత్రి
వాళ్ళమ్మ అజుకి గింజలు వేసి ఎర్రన్నం వండింది,
పండగలకి వండే అన్నం.
మరి ఏమిటిది, అని ఎవరికీ అడగాలనిపించలేదు ఆ పూట.

అడిగాక తెలిసింది, ఒక డాక్టరు ఇంటిపేరు.
కిమురా.
మా వీధి మలుపులో కూరగాయల కొట్టు కిమురాది.
చనిపోయిన నా మొగుడికి లెక్కలు చెప్పింది కిమురా పంతులమ్మ.
ఇంత అరుదైనదానికి
ఇంత మామూలు పేరా!
వాపు పెరిగితే "కిమురా గారు దయచేశారు" అంటాడు తెత్సురో,
తగ్గితే "నిద్రపోతున్నారు, మెల్లగా మాట్లాడు" అంటాడు.
కూరగాయల కిమురా మాత్రం
వాళ్ళమ్మ సంచిలో ఒక ముల్లంగి ఎక్కువే వేస్తున్నాడు
తనవల్లే ఏదో తప్పు జరిగినట్టు.

మాత్రలకి పండు కరిగింది, మొహమంతా ఉబ్బింది.
మోతాదు తగ్గిస్తే మొహం దిగింది, పండు మళ్ళీ కాసింది.
కోశారు.
ఏడాది తిరక్కుండా కుట్టు పక్కనే ఇంకో మొలక.
నెలనెలా సీసాలో మూత్రం పట్టుకెళ్తాడు
మూత్రపిండాలు ఏమంటున్నాయో కనుక్కోవడానికి.

నా ఖాతా పుస్తకంలో అతని పేజీ:
మార్చి, కిన్‌కాన్.
నవంబరు, సుదాచి నిమ్మ.
మే, మికాన్, మాగినది.
తర్వాత ఒక అడ్డగీత, పదకొండు కుట్లు.
సెప్టెంబరు, మళ్ళీ కిన్‌కాన్.
"ఏం రాస్తున్నారు ఫుసాయే గారూ?"
"పళ్ళ లెక్క."

మూడేళ్ళుగా ఎడమ పక్క జుట్టు
రెండు వేళ్ళ మందం పొడుగ్గా వదులుతున్నాను.
తను అడగలేదు. నేను చెప్పలేదు.

నిన్న వచ్చాడు.
యార్డు గేటు దగ్గర కొత్త కెమెరా
తన మొహం పోల్చుకోవడం లేదట.
ఒక నెల ఒకడు, ఇంకో నెల ఇంకొకడు,
కార్డు మీద వేరొకడు.
కాపలా ముసలాయన రోజూ లేచొచ్చి
చేత్తో తలుపు తీస్తున్నాడట.
"కొత్త ఫోటో దిగాలి.
రెండు పక్కలా సమానంగా తీసెయ్యండి.
ఎడమ పక్క వదిలేస్తున్నారు మీరు, నాకు తెలుసు."

దుప్పటి మెడకి చుడుతున్న నా చేతులు ఆగాయి.

"ఆ బుధవారం కూడా నేను నిద్రపోలేదు.
మీ వేలు ఆగింది.
మీరేమైనా అంటారేమోనని కళ్ళు మూసుకునే ఉన్నా.
అప్పటికి నెల్లాళ్ళయింది, నాకది తగిలి."

బయట ఓడ కూత పెట్టింది, ఎందుకో రెండుసార్లు.
మిషనుకి మూడో నంబరు దువ్వెన తొడిగాను.
చెవి మడిచాను.
ఈసారి పైకే అన్నాను,
"సుదాచి అంత ఉంది."
"నేనూ అంతే అనుకున్నా," అన్నాడు
అద్దంలోంచి, కళ్ళు తెరిచే.