ఈనె

పాలేట్లో మునిగి లేచి ముప్పై ఏళ్లయింది.
ఆ రోజు నీళ్లు మోకాలి లోతే.
పాస్టరయ్య నన్ను పసిబిడ్డని పడుకోబెట్టినట్టు ముంచాడు.
ముక్కులోకి ఇసక పోయి తుమ్ముకుంటా లేచా.
"పాత దీనమ్మ పోయింది" అన్నారు గట్టు మీద అందరూ.
పోయిందనే నేనూ అనుకున్నా.
ఇంటికొచ్చి చూస్తే
పొయ్యి దగ్గర కూచోనుంది.

టంగుటూరు గ్రేడింగు షెడ్డులో నాది కిటికీ పక్క చోటు.
నిమ్మపండు రంగు ఒక పక్క, ముదురు పసుపు ఒక పక్క,
మచ్చదీ మాడిందీ కాళ్ల దగ్గర.
ఆకు వెలుతురుకి ఎత్తితే చాలు, రేటు చెప్తా.
మనుషుల్నీ అట్టాగే ఎత్తి చూసేదాన్ని.
ఫలానామె రెండో రకం, ఫలానావిడ తుక్కు,
మా తోడికోడలు రాహేలైతే
వేలందాకా కూడా పోదు.

పొగ తాగొద్దని ఆదివారం చెప్తాడు పాస్టరయ్య.
కానుక సంచిలో పడేదంతా పొగాకు కూలే.
ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.
పైనుండే ఆయనకి తెలీకుండా ఉంటదా.

మా మామ నత్తానియేలు బ్యారనుకి మంటేసే మనిషి.
రాత్రుళ్లు గోనెపట్టా మీద, బీడీ కూడా లేకుండా.
"తొందరపడితే ఆకు ఉడికిపోద్దే, దీనా.
ముందు పసుపెక్కనీయాలి. ఆనక ఆరనీయాలి.
ఆకు ఎండంగానే అయిపోయిందంటారు చూడు,
వాళ్లకేం తెలీదు.
ఈనె ఎండేదానికి ఇంకా రెండు రాత్రులు పట్టుద్ది.
ఈనె పచ్చిగా ఉంటే పైకి బంగారమే,
బేలు లోపల్నించి బూజు."
అంటానే ఒక ఆకు తీసి
చెవి దగ్గర పెట్టుకుని ఈనె వంచేవాడు.
పుటుక్కుమంటే నవ్వేవాడు.
అనకపోతే
మళ్లీ కట్టెలకి లేచేవాడు.

మొన్న శుక్రవారం మాలకొండయ్య గారొచ్చి
గొంతు తగ్గించి చెప్పాడు:
"దీనమ్మా, నల్లాకు నడుమన పెట్టు."
ఏటా పెట్టిందాన్నే.
అప్పు ఆయనది, చెడగొట్టింది వాన, నాదేముందిలే అని.
పోయినేడు పెట్టి,
ఆ ఆదివారమే సాక్ష్యానికి లేచి నిలబడ్డా కూడా.
ఈసారి ఒక పిడికెడు పెట్టా.
మీద మంచాకు కప్పా.
చెయ్యి బయటికి రాలా.
"ఏందిమే, తేలు కుట్టిందా?" అంది పక్కనామె.
తీసేశా.
"నా వల్ల కాదయ్యా" అన్నా.
ఆయన తిట్టలేదు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి పాపం.
కూలిలో వంద తగ్గించి చేతిలో పెట్టి,
నా చోట్లో తానే కూచుని
ఆ నల్లాకు తానే సర్దుకున్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది.
ఆటోలో జరుగుమల్లి మలుపు రాకముందే
ఆ వంద రూపాయల కత రాహేలుకి మూడుసార్లు చెప్పా.
మూడోసారి నా గొంతు నాకే వినపడింది:
"పెట్టేవాళ్లు పెడతారమ్మా. నేనైతే పెట్టలా."
పోయినేడు ఆమే నా పక్కన కూచుని పెట్టింది.
తెలిసే అన్నా.
ఆమె ఏమీ అనలా.
ఖాళీ క్యారేజీ ఒళ్లో తిప్పుకుంటా కూచుంది.
దిగేటప్పుడు నా సంచి
ఆమే అందించింది.

రాత్రి చింతపండు పెట్టి చేతులు రుద్దుతున్నా.
పొగాకు కసరు సబ్బుకి పోదు,
చింతపండుకీ పోదు గోళ్ల సందుల్లోది.
గోడ అవతల రాహేలు మనవడికి అన్నం తినిపిస్తా
"ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద" అంటంది.
ఆ గోడ జానెడు మందం.
నా గొంతు దాటలేకపోతాంది.

నాయనా,
ఆకు పసుపెక్కింది. నువ్వే ఎక్కించావు, కాదనను.
వందకి ఆశపడలా నిన్న, అదీ నీదే.
కానీ నన్నొకసారి చెవి దగ్గర పెట్టుకుని
వంచి చూడు.
వంగుతా ఉన్నా,
చప్పుడు లేదు.

కట్టెలకి లే, నాయనా.