ఉప్పులేని రొట్టె

మాల్టాలో మా ఊరు కోర్మి.
పేరులో మొదటి అక్షరాన్ని మేం
గొంతులోనే మింగేస్తాం.
మా బేకరీ సందులో
రాత్రి పదకొండుకే తెల్లవారుతుంది.
నాకు పందొమ్మిదేళ్ళు. వెన్జు అంటారు.
ముంజేతుల మీద పొయ్యి పెట్టిన వాతలు
లెక్కపెట్టడం మానేశాను.

రొట్టె సంగతి నాకు తెలుసు.
పొంగిన పిండి వేలికి ఎదురు తిరుగుతుంది.
కాలిన రొట్టె అడుగున తడితే
ఖాళీ పెట్టెలా పలుకుతుంది.
నిన్నటి పులుపు కలవందే
ఇవాళ్టి పిండి లేవదు.

అందుకే ఆరుగంటల పూజలో
జుట్టు నిండా పిండితో, కళ్ళ నిండా నిద్రతో
ఫాదర్ నా అరచేతిలో పెట్టిందాన్ని చూస్తే
మొదట్లో నవ్వొచ్చేది.
ఉప్పు లేదు, పొంగు లేదు, వాసన లేదు.
మా యజమాని అయితే
తట్టంతా వెనక్కి పంపేస్తాడు.

"ఏముంటుంది అందులో?" అంటుంది రిత్యెన్.
ఈస్టరుకు కూడా గుడికి రాదు తను.
కాఫీలో చక్కెర కలుపుతూ అడుగుతుంది,
ఎగతాళికి కాదు.
ఆకలైతే తీరదు, అంటాను.
"మరి?"
తీరకుండా ఉండడానికే వెళ్తాననబోయి
మరీ ప్రసంగంలా ఉందని
ఊరుకుంటాను.

మొన్న శనివారం
తెస్ఫాయ్ జీతంలో నలభై యూరోలు కోశాడు యజమాని,
మాడిన తట్టకి.
మాడ్చింది నేను.
ఫోను చూసుకుంటూ.
తెస్ఫాయ్‌కి తెలుసు. నా వైపు చూడలేదు.
చేతికి తడిగుడ్డ చుట్టుకుని
తర్వాతి తట్ట లోపలికి తోశాడు.

ఆదివారం, సత్ప్రసాదం వరసలో నా వంతు.
"క్రీస్తు శరీరం" అన్నారు ఫాదర్.
ఆమెన్ అనడం నాకు
ఏడేళ్ళప్పటి నుంచీ తుమ్మినంత సులువు.
ఆ పూట మాట
పచ్చిపిండిలా అంగిలికి అంటుకుంది.
నాకు కనబడింది శరీరమే,
తడిగుడ్డ చుట్టిన చెయ్యి.
చేతులు గుండెకి కట్టుకుని తల వంచాను.
ఫాదర్ దీవించి పంపేశారు.
వెనక ఒక ముసలావిడ
పక్కావిడ చెవిలో ఏదో అంది.

ఆ రాత్రే యజమానికి చెప్పాను.
నాకు ఎనభై కోశాడు:
నలభై తట్టకి, నలభై ఆలస్యానికి.
తెస్ఫాయ్ డబ్బు తిరిగిస్తానని
గొణిగాడు.

తెస్ఫాయ్ ఏమీ అనలేదు.
మూడింటికి, కాస్త ఊపిరి తీసుకునే వేళ
వంకరపోయిన రొట్టె ఒకటి విరిచాడు.
పెద్ద ముక్క తనే ఉంచుకుని
చిన్నది నాకిచ్చాడు.
నాలుక కాలింది.

ఆదివారానికి ఇంకా
ఆరు రాత్రులు.