బంటు

జాలహళ్ళి మైదానంలో, ఆదివారం పొద్దున,
బోపయ్య సార్ చెవి గిల్లుకుంటాడు,
ముక్కు, టోపీ, మోచెయ్యి...
దోమలు కుడుతున్నాయనుకున్నాను మొదటి వారం.

అన్నీ అబద్ధాలేనట.
బెల్టు ముట్టాక వచ్చేదొక్కటే నిజం.

ఇవాళ బెల్టు. తర్వాత మోకాలు.
అంటే బంట్.
నా చెవికి బంటు,
చదరంగంలో ముందు చచ్చేవాడు.
కొట్టకు, ఊరికే ఆనించు,
నువ్వు అవుటైతే రెజీనా ముందుకెళుతుంది.

గుంటూరులో, మా సందు క్రికెట్లో
అవుటంటే పరువు పోవడమే,
చీకటి పడేదాకా బ్యాటు వదలకుండా వాదించేదాన్ని.

చేతులు ఒప్పుకోలేదు.
అయినా అడ్డం పెట్టాను.
బంతి కాళ్ళ ముందే చతికిలబడింది.
పరిగెత్తాను, అందలేదు.

రెండో బేస్ మీద రెజీనా దుమ్ము దులుపుకుంటోంది.
బెంచీ మీద అందరూ నాకు అరచేతులు చాచారు.
అటు సార్ ముక్కు గోక్కుంటున్నాడు.
ఈసారి నిజంగా దోమేమో.